ఫోనులో పేకాట: లెక్క చెప్పవలసిన వారెవరు?



రైల్వే బుకింగు కౌంటరులో డ్యూటీకి కూర్చొనే ప్రతి గుమాస్తా తన జేబులోని సొంత డబ్బు ఎంతో ముందుగా రిజిస్టరులో వ్రాసి సంతకము చేయవలెను. డ్యూటీ మధ్యలో విజిలెన్సువారు వచ్చి పెట్టెలోని సొమ్మును ఎంచినప్పుడు నాలుగు రూపాయలు ఎక్కువైనను, తక్కువైనను సంజాయిషీ తప్పదు. తపాలా కార్యాలయములో ఖాతాదారు కట్టిన సొమ్ము పాస్‌బుక్కులో నమోదై, తేదీ ముద్ర పడి, నిల్వ ఎంతో అతని కంటికి కనబడవలెను. మారుమూల పల్లెలో పనిచేసే బ్రాంచి పోస్టుమాస్టరు కూడ ఏ రోజు లెక్క ఆ రోజు పంపవలసినదే. ఈ నియమాలు కఠినమైనవని మనము ఎన్నడును ఫిర్యాదు చేయలేదు. పరుల సొమ్మును చేతితో ముట్టుకొన్నవాడు దానికి లెక్క చెప్పవలెననుట న్యాయము.

ఇదే న్యాయము, కోట్లాది ప్రజల సొమ్మును తమ ఖాతాలలో ఉంచుకొని ఫోనులో రమ్మీ, పోకరు, ఊహాత్మక క్రికెట్టు ఆడించిన కంపెనీలకు ఎందుకు వర్తించలేదన్నదే ఈ వ్యాసములో మేము మీ ముందుంచదలచిన ప్రశ్న.

చట్టము వచ్చినది, లెక్క రాలేదు

2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆన్‌లైన్ గేమింగు బిల్లును ఆమోదించినవి. 22న రాష్ట్రపతి సమ్మతి లభించినది. బిల్లును సభలో ప్రవేశపెట్టిన శ్రీ అశ్వినీ వైష్ణవ్ ఆనాడు ఎలక్ట్రానిక్సు శాఖతో పాటు మన రైల్వే శాఖకు కూడ మంత్రి. డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటిని, అవి నేర్పుతో కూడినవైనను అదృష్టముపై ఆధారపడినవైనను, ఈ చట్టము నిషేధించినది. ఆడించినవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారము చేసినవారికి రెండేళ్ళ వరకు జైలు, యాభై లక్షల వరకు జరిమానా. డబ్బు చేరవేసే బ్యాంకులు, చెల్లింపు సంస్థలు కూడ శిక్షార్హములే. ఆడి నష్టపోయినవానికి మాత్రము ఇందులో శిక్ష లేదు. ఈ చివరి అంశమును మేము మనసారా హర్షిస్తున్నాము.

దేశములో 45 కోట్లమంది ఈ ఆటల వలన నష్టపడుచున్నారనియు, ఏటా పోవుచున్న సొమ్ము 20,000 కోట్ల రూపాయలకు పైబడి ఉన్నదనియు ప్రభుత్వమే ఆ సందర్భములో అంచనా చెప్పినది. ఆ అంచనా సరియైనదే అనుకొన్నచో, ఆ సొమ్ము ఎక్కడనుండి ఎక్కడికి పోయినది? అందులో కమీషను ఎంత, పన్ను ఎంత, ఎదుటి ఆటగానికి చేరినది ఎంత? చట్టము రాగానే పెద్ద కంపెనీలు కొద్ది రోజులలోనే డబ్బు ఆటలను నిలిపివేసినవి. కాని గడచిన సంవత్సరాల లెక్కలను ఆటగాని ముందు పెట్టవలెనన్న ఆదేశము చట్టములో ఎంత వెదకినను మాకు కనబడలేదు. దుకాణము మూయించుటతో సరిపోదు, ఖాతా పుస్తకాలను కూడ తెరిపించవలెను.

నలుగురు ఆడితే గెలిచేది అయిదవవాడు

ఈ ఆటల ఆర్థిక సూత్రము చాల సులభమైనది. నలుగురు తలా నూరు రూపాయలు వేసి కూర్చొన్నారనుకొందము. బల్లపైకి వచ్చిన నాలుగు వందలలో నూటికి పది చొప్పున నలభై రూపాయలను ఆట నడిపించు కంపెనీ ముందుగా తీసికొన్నది. గెలిచినవానికి దక్కునది మూడువందల అరవై. అదే నలుగురు, అదే సొమ్ముతో మరల ఆడినచో మరల నూటికి పది పోవును. ఇట్లు ఏడు ఆటలు ముగియునప్పటికి నలుగురి వద్ద కలిపి మిగులునది మొదటి సొమ్ములో సగముకంటె తక్కువ. ఇరువది రెండు ఆటలు పూర్తియగునప్పటికి నూటికి పది రూపాయలు కూడ మిగలవు. నలుగురును సమానమైన నేర్పరులే కావచ్చును, అందరును నిజాయితీపరులే కావచ్చును, ముక్కలు పంచుటలో ఏ మోసమును జరుగకపోవచ్చును. అయినను ఫలితమిదే. ఫోనులో ఒక ఆట ముగియుటకు నిమిషాలు చాలును గనుక, మన ఊరి రచ్చబండపై పండుగనాడు ఒక రోజంతా జరిగే పేకాట ఇక్కడ ఒక గంటలో జరిగిపోవును.

కమీషను తీసికొనుట దాచి ఉంచిన విషయము కాదని కంపెనీలు చెప్పినవి. నిబంధనలలో ఎక్కడో వ్రాసి ఉండుట నిజమే. కాని ఆడువానికి కావలసినది నిబంధనల గ్రంథము కాదు. 'ఈ నెలలో నీవు కట్టినది ఇంత, నీకు తిరిగి వచ్చినది ఇంత, మేము తీసికొన్నది ఇంత' అని ఒక్క పంక్తిలో చెప్పే పాస్‌బుక్కు కావలెను. గెలిచినప్పుడు తెరపై బాణసంచా పేల్చినవారు, ఓడిన మొత్తమును మాత్రము ఆ విధముగా ఎన్నడును చూపలేదు.

అట్టి లెక్క తీయుట కష్టమని వారు చెప్పుటకు వీలులేదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఆదాయపు పన్ను చట్టము 194బీఏ సెక్షను ప్రకారము, ప్రతి ఆటగాడు ఎంత కట్టినాడు, ఎంత తీసికొన్నాడు, ఏడాది మొదట ఎంత నిల్వ, చివర ఎంత నిల్వ అని లెక్కించి, నికర గెలుపుపై నూటికి 30 చొప్పున పన్ను కోయవలసిన బాధ్యత కంపెనీలదే అయి ఉండెను. నికర గెలుపును లెక్కించగలిగినవారు నికర నష్టమును లెక్కించలేరా? కూడిక తీసివేతలు రెండింటికి ఒకటే. ప్రభుత్వమునకు చూపిన లెక్కను సొమ్ము కట్టినవానికి చూపకపోవుటను మనము అన్యాయమనుచున్నాము.

ఎదుట కూర్చొన్నది ఎవరు?

ముక్కలు పంచే యంత్రమును స్వతంత్ర సంస్థలు పరీక్షించి ధ్రువపత్రమిచ్చినవని అనేక కంపెనీలు చాటుకొన్నవి. ఆ ధ్రువపత్రము నిజమైనదే అనుకొందము. అది చెప్పునది ఒక్కటే: ఏ ముక్క ఎవరికి పడునో ముందుగా నిర్ణయము కాలేదని. ఎదుటి కుర్చీలో కూర్చొన్నది మనిషియా, యంత్రమా, ఇద్దరు ముగ్గురు కుమ్మక్కై ఒకే గదిలో నుండి ఆడుచున్నారా, కొత్తగా వచ్చినవానిని కావలెననియే ఆరితేరినవారి ముందు కూర్చోబెట్టినారా అన్న ప్రశ్నలకు ఆ కాగితము సమాధానము చెప్పదు.

ఇవి మేము ఊహించి చెప్పుచున్న మాటలు కావు. నిషేధము వచ్చిన తరువాత 2025 నవంబరులో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ సోదాలు జరిపి, మనుష్యులతో ఆడుచున్నామని నమ్మిన ఆటగాళ్ళను వారికి తెలియకుండ కంప్యూటరు ప్రోగ్రాములతో ఆడించినారనియు, నిషేధానంతరము కూడ ఆటగాళ్ళ సొమ్మును తిరిగి చెల్లించకుండ ఉంచుకొన్నారనియు ఒక కంపెనీపై ఆరోపణ చేసినది. ఆరోపణ రుజువగుట, కాకపోవుట న్యాయస్థానముల పని. కాని ఇంత కాలము ఈ విషయమును ముందుగా తనిఖీ చేసే కేంద్ర స్థాయి అధికారి లేకపోయెను. 2023 ఏప్రిల్‌లో కేంద్రము నిబంధనలను సవరించి, కంపెనీలే కలిసి పెట్టుకొనే స్వయం నియంత్రణ సంస్థలకు ఈ బాధ్యతను అప్పగించదలచినది. అట్టి సంస్థ ఒక్కటైనను గుర్తింపు పొందలేదు. శకుని పాచికలను కనీసము సభలో నలుగురి కన్నుల ముందు వేసినాడు. ఈ పాచికలు ఎక్కడ పడుచున్నవో చూచినవారే లేరు.

బోనస్ అను మాట

బోనస్ అను మాట మనకు కొత్తది కాదు. 1974 మే 8న మొదలై ఇరువది రోజులు సాగిన రైల్వే సమ్మెలో బోనస్ ఒక ముఖ్యమైన కోరిక. ఎందరో అరెస్టులను, ఉద్వాసనలను ఎదుర్కొన్నారు. ఉత్పాదకతతో ముడిపడిన బోనస్ రైల్వే ఉద్యోగులకు లభించుటకు 1979 వరకు ఆగవలసి వచ్చినది. మన నిఘంటువులో బోనస్ అనగా పనిచేసి సంపాదించుకొన్న హక్కు, చేతికి వచ్చే రొక్కము.

ఈ ఆటలలో అదే మాటకు మరియొక అర్థము పెట్టినారు. వేయి రూపాయలు కట్టినచో మరొక వేయి బోనస్ అని ప్రకటించుదురు. ఆ వేయి తెరపై కనబడునే గాని బ్యాంకుకు రాదు. ప్రతి ఆటలో కొద్ది కొద్దిగా, అదియును సొంత సొమ్ము వెచ్చించినప్పుడు మాత్రమే వినియోగమగును. గడువు దాటిన తరువాత మాయమగును. డబ్బు కట్టుటకు ఒక్క క్షణము చాలును, తిరిగి తీసికొనుటకు మాత్రము కనిష్ఠ మొత్తములు, పత్రముల తనిఖీలు, నిరీక్షణ. ఈ లోపల మనస్సు మారి అదే సొమ్ముతో మరల ఆడుట జరుగుచున్నది. పోగొట్టుకొన్నచోటనే వెదుకుకొనవలెనని మన పెద్దలు చెప్పిన సామెత పోయిన ఉంగరమునకు వర్తించును గాని జూదములో పోయిన జీతమునకు వర్తించదు.

సికిందరాబాదు తీర్పు

రమ్మీ నేర్పుతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు చెప్పినదని కంపెనీలు పదే పదే ఉదహరించును. ఆ తీర్పు మన ప్రాంతమునకు సంబంధించినదే. సికిందరాబాదులోని ఒక క్లబ్బుపై 1963లో పోలీసులు జరిపిన దాడి నుండి పుట్టిన కేసులో, 1967 నవంబరులో ఆ తీర్పు వెలువడినది. మూడుముక్కలాట వలె రమ్మీ పూర్తిగా అదృష్టముపై ఆధారపడినది కాదని, పడిన ముక్కలను గుర్తుంచుకొనుట, దేనిని పట్టుకొని దేనిని విడువవలెనో తెలియుట నేర్పు అని న్యాయస్థానము చెప్పినది.

కాని తీర్పు అక్కడితో ఆగలేదు. పందెము కట్టి ఆడే రమ్మీ నుండి గాని, మరే ఆట నుండి గాని క్లబ్బు యజమాని లాభము పొందుచున్నట్లు సాక్ష్యమున్నచో నేరము నిరూపణ కావచ్చునని కూడ అదే తీర్పులో ఉన్నది. కుర్చీ, బల్ల, పేకముక్కలు సమకూర్చినందుకు క్లబ్బు సభ్యులనుండి చిన్న రుసుము తీసికొనుటను న్యాయస్థానము తప్పు పట్టలేదు. ప్రతి పందెములోనుండి నూటికి ఇంత అని కోసికొని వేలకోట్ల వ్యాపారముగా పెంచినవారు, తమకు అనుకూలమైన సగమును చదివి మిగిలిన సగమును మడిచిపెట్టినారు. నేర్పున్నదా లేదా అన్న వాదము యాభై ఏండ్లకు పైగా సాగినది. లాభము ఎవరిదన్న ప్రశ్న మరుగున పడినది.

ప్రభుత్వపు వాటా

ప్రభుత్వమును కూడ మేము ఇక్కడ ప్రశ్నింపక తప్పదు. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ 1974 నాటి గేమింగు చట్టములను సవరించి ఆన్‌లైన్ జూదమును నిషేధించినవి. కాని పొరుగు రాష్ట్రములో అనుమతి ఉన్న ఆటకు సరిహద్దు గోడ కట్టుట ఎవరి తరము? ఫోను ఉన్న చోటును మార్చి చూపే ఉపాయములతో ఆట సాగినది. కేంద్రము అప్పుడు చట్టము చేయుటకు బదులు పన్ను వేసినది. 2023 అక్టోబరు 1 నుండి, ఆటగాడు కట్టిన పూర్తి మొత్తముపై 28 శాతము జి.ఎస్.టి. విధించినారు. తరువాత ఆరు నెలలలో ఈ రంగమునుండి రాబడి 412 శాతము పెరిగి 6,909 కోట్ల రూపాయలకు చేరినదని 2024 సెప్టెంబరులో ఆర్థిక మంత్రి స్వయముగా ప్రకటించినారు. 2025 సెప్టెంబరు 22 నుండి ఆ పన్ను 40 శాతమైనది.

ఇందులో ఎంత భాగము జూదపు వ్యసనమున చిక్కుకొన్నవారి చికిత్సకు, వారి కుటుంబముల రక్షణకు కేటాయించినారు? ప్రజలకు హానికరమని తెలిసిన వ్యాపారమునుండి వాటా తీసికొనుచున్నంతకాలము కంచె చేను మేసినట్లే అగును.

మన ఇండ్లలో జరుగుచున్నది

ఈ సమస్య ఎవరికో సంబంధించినదని మనలో ఎవరైన అనుకొన్నచో అది పొరపాటు. రన్నింగ్ రూములో నిద్రపట్టని లోకో పైలట్టు, రాత్రి డ్యూటీలో రైలు రైలుకు మధ్య ఖాళీగా కూర్చొన్న పాయింట్స్‌మన్, ఆర్.ఎం.ఎస్. సార్టింగులో అర్ధరాత్రి విరామము దొరికిన ఉద్యోగి, అందరి చేతిలోను ఫోను ఉన్నది. తమిళనాడు ప్రభుత్వము 2025 ఫిబ్రవరిలో చేసిన నిబంధనలలో అర్ధరాత్రి నుండి ఉదయము 5 గంటల వరకు డబ్బు ఆటలను మూసి ఉంచవలెనని విధించినది. ఆ సంవత్సరము జూన్‌లో మద్రాసు హైకోర్టు ఆ నిబంధనలను సమర్థించినది. మనిషి వివేకము సన్నగిల్లే గంటలవి. ఆ గంటలలో మెలకువగా ఉండి దేశమును నడిపించు వర్గము మనదే.

జీతము పోయిన తరువాత సహకార పరపతి సంఘములో అప్పు, ఆ తరువాత పి.ఎఫ్. అడ్వాన్సు, ఆ తరువాత ఫోనులోనే దొరికే అధిక వడ్డీ అప్పు. ఇది మేము సంఘ కార్యాలయములలో వినుచున్న వరుస. చివరి మెట్టు మరింత భయంకరమైనది. ప్రభుత్వ సొమ్ము మన చేతిలో ఉండును. 'రేపు కట్టివేయుదును' అన్న ఒక్క ఆలోచన, ముప్పది ఏండ్ల సర్వీసును, పెన్షనును, కుటుంబ గౌరవమును ఒక రాత్రిలో తుడిచివేయును. పల్లెలో తన పింఛను సొమ్మును మనపై నమ్మకముతో దాచుకొన్న వృద్ధురాలికి జరిగే అన్యాయము అంతకంటె పెద్దది. అందువలన ఒక మాట స్పష్టముగా చెప్పుచున్నాము. ప్రజల సొమ్మును తాకినవానిని సంఘము వెనుకవేసికొని రాదు. ఆ స్థితి రాకముందే అతనిని ఆదుకొనుట మాత్రము సంఘము యొక్క ధర్మము.

ఇక్కడ ఒక అడ్డంకి ఉన్నది. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళిలోను, 1966 నాటి రైల్వే నియమావళిలోను 17వ నియమము ప్రకారము ఉద్యోగి నిత్య ఋణగ్రస్తుడు కాకుండ తన వ్యవహారములను నడుపుకొనవలెను. ఈ నియమమునకు భయపడి మనవాడు అప్పును దాచును, దాచినకొలది అది పెరుగును. జూదపు వ్యసనమును ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికలో చేర్చినది. రోగికి మందు ఇవ్వవలసినచోట చార్జిషీటు ఇచ్చుట ఏమి పరిపాలన?

ఎదురు వాదనలు

'వయస్సు వచ్చినవాడు తన సొమ్ముతో ఆడుకొన్నచో సంఘమునకేమి?' అని కొందరు మిత్రులు అడుగుచున్నారు. నిజమే, ఉద్యోగి తన జీతమును ఎట్లు వెచ్చించవలెనో ఆదేశించుట మా పని కాదు. కాని ఒప్పందము న్యాయమైనది కావలెనన్నచో ఇరుపక్షములకు లెక్క తెలియవలెను. ఒకరికి అన్నియు తెలిసి మరొకరికి ఏమియు తెలియని ఒప్పందమును స్వేచ్ఛ అనజాలము.

'నిషేధించినచో విదేశీ సైట్లకు పోవుదురు' అన్నది రెండవ వాదన. ఇందులో బలమున్నది, దానిని మేము త్రోసిపుచ్చము. విదేశములనుండి నడిచే సైట్లకు చిరునామా లేదు, అడుగుటకు దిక్కు లేదు, సొమ్ము చేరవేయుటకు అమాయకుల బ్యాంకు ఖాతాలను అద్దెకు తీసికొనుచున్నారు. ఖాతా ఇచ్చినవాడే చివరకు పోలీసు స్టేషను మెట్లెక్కవలసి వచ్చును. కావుననే నిషేధమొక్కటి చాలదనుచున్నాము. బ్రిటనులో జూదమును చట్టబద్ధముగా ఉంచి, ఆటగాళ్ళ సొమ్మునకు ఏ మేరకు రక్షణ కలదో కంపెనీలు ముందుగా చెప్పవలెనని షరతు పెట్టినారు. క్రెడిట్ కార్డుతో జూదమాడుటను 2020 ఏప్రిల్‌లో నిలిపివేసినారు. ఆ మార్గము మనకు తగునా, తగదా అన్నది వేరు చర్చ. నిషేధమైనను అనుమతియైనను లెక్క చెప్పించే అధికారి ఉండవలెనన్నదే మా వాదము.

ఈ చట్టమును సవాలు చేస్తూ పలు హైకోర్టులలో దాఖలైన పిటిషన్లను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన వద్దకు బదిలీ చేసుకొన్నది. న్యాయస్థానము ఏ తీర్పు చెప్పినను ఈ క్రింది కోరికల విలువ తగ్గదు.

మా కోరికలు

1. 2025 ఆగస్టు వరకు డబ్బు ఆటలు నడిపిన ప్రతి కంపెనీ, ప్రతి ఆటగానికి ఖాతా తెరచిన నాటినుండి పూర్తి లెక్కను అతని భాషలో ఇవ్వవలెను.

2. మిగిలిన నిల్వలను ఏ కోతయు లేకుండ గడువులోగా తిరిగి చెల్లించవలెను. చెల్లించని సొమ్మును ప్రభుత్వము తన అధీనములోనికి తీసికొని పంచవలెను.

3. యంత్రములను మనుష్యులుగా చూపి ఆడించినట్లు రుజువైనచోట, ఆ ఆటలలో పోయిన సొమ్మును బాధితులకు ఇప్పించవలెను.

4. ఈ రంగమునుండి వసూలైన జి.ఎస్.టి.లో ఒక భాగమును చికిత్సకు కేటాయించి, రైల్వే ఆసుపత్రులలోను, కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకపు వైద్యశాలలలోను సలహా కేంద్రములు తెరువవలెను.

5. ప్రజల సొమ్మును ముట్టుకొనక, తనంతట తాను ముందుకు వచ్చి అప్పును వెల్లడించిన ఉద్యోగిపై 17వ నియమము క్రింద చర్య తీసికొనరాదు.

6. నిషేధము వలన ఒక్కసారిగా ఉద్యోగములు పోయిన ఆ కంపెనీల సిబ్బందికి చట్ట ప్రకారము రావలసిన బకాయిలన్నియు ముట్టజెప్పవలెను. యజమానుల తప్పునకు వారు బాధ్యులు కారు.

శాఖలు చేయవలసిన పని

ప్రతి శాఖ తన తదుపరి సర్వసభ్య సమావేశములో ఈ విషయమును అజెండాలో చేర్చవలెనని కోరుచున్నాము. సభ్యుల కుటుంబ స్త్రీలను కూడ ఆ సమావేశమునకు ఆహ్వానించవలెను. ఇంటిలో సొమ్ము తరుగుటను మొదట గమనించువారు వారే. పరపతి సంఘపు డైరెక్టర్లు ఒకే సభ్యుడు తరచు అప్పులకు వచ్చుచున్నప్పుడు నలుగురిలో గాక విడిగా కూర్చోబెట్టి అడుగవలెను. మానసిక సహాయమునకు కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ నంబరు 14416, సైబర్ మోసముల ఫిర్యాదునకు 1930. ఈ రెండు నంబర్లను ప్రతి రన్నింగ్ రూములోను, ప్రతి సార్టింగు కార్యాలయములోను, మన నోటీసు బోర్డుపై పెద్ద అక్షరములతో వ్రాయించవలెను.

కంపెనీలనుండి లెక్క రావలసిన సభ్యులు తమ వద్దనున్న బ్యాంకు స్టేట్‌మెంట్లను, యు.పి.ఐ. రశీదులను భద్రపరచి శాఖా కార్యదర్శికి నకళ్ళు అందజేయవలెను. విడివిడిగా అడిగినచో ఎవరును పలుకరు. సంఘము తరఫున వందలాది కాగితములు ఒక్కటిగా పోయినచో సమాధానము చెప్పక తప్పదు. ఈ కాగితముల సేకరణను ఈ నెలలోనే ప్రారంభించవలసినదిగా శాఖలన్నింటికి విజ్ఞప్తి చేయుచున్నాము.